చేతులెత్తేసిన చోట మొదలైన వైద్యం



మన సంఘం ప్రత్యేక సంచికల్లో కరువు భత్యం బకాయిలు, పే రివిజన్, కమ్యుటేషన్ లెక్కలు ఎప్పుడూ ఉండేవే. అవి అవసరమే, కాదనను. అయితే ఏ గ్రేడులో రిటైరైనా, ఎంత పెన్షను అందుకుంటున్నా, మనందరికీ తప్పని ఆఖరి మజిలీ ఒకటుంది. ఆ మజిలీ గురించి మనం మాట్లాడుకునేది ఒక్క మాటే: "అనాయాస మరణం కావాలి" అని దేవుడికి దణ్ణం పెట్టుకుంటాం. ఆ కోరికను దేవుడికి వదిలిపెట్టకుండా కొంతమంది డాక్టర్లూ నర్సులూ తమ వృత్తిగా చేసుకున్నారు. దానికే పాలియేటివ్ మెడిసిన్ అని పేరు. తెలుగులో ఉపశమన వైద్యం అంటున్నారు. ఈ వృత్తి ఎలా పుట్టింది, మన దేశానికి ఎలా వచ్చింది, మన విశాఖ దాకా రావడానికి ఎందుకింత ఆలస్యమైంది అన్నది ఈ వ్యాసంలో నాకు తెలిసినంత మేరకు వివరిస్తాను.

నేను డాక్టరును కాను. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్లు నడిపినవాడిని. అయినా ఈ కథ చెప్పడానికి గుమాస్తా కూడా పనికొస్తాడనే ధైర్యం ఎందుకంటే, ఇందులో సగం కథ మందుల గురించి, మిగతా సగం లైసెన్సుల గురించి.

శాసనంలో ఆరోగ్యశాల

మల్కాపురం అనగానే మనకు షిప్‌యార్డు, రిఫైనరీ, ఈఎస్ఐ ఆసుపత్రి గుర్తొస్తాయి. చరిత్రకారులకు మాత్రం ఇంకో మల్కాపురం గుర్తొస్తుంది. అది గుంటూరు జిల్లాలో మందడం దగ్గర, నేటి అమరావతి ప్రాంతంలో ఉంది. అక్కడ దొరికిన క్రీ.శ. 1261 నాటి శాసనం రాణి రుద్రమదేవి కాలానిది. కాకతీయుల గురువైన విశ్వేశ్వర శివాచార్యులు తనకు దానంగా వచ్చిన గ్రామాల ఆదాయంతో మఠం, విద్యాలయం, అన్నసత్రం, ప్రసూతిశాల, ఆరోగ్యశాల ఏర్పాటు చేసినట్లు అందులో ఉంది. ఆ సంస్థ సిబ్బందిలో ఒక వైద్యుడితో పాటు ఒక కాయస్థుడు, అంటే లెక్కలు రాసేవాడు కూడా ఉన్నాడు. వైద్యుడి పక్కన గుమాస్తా ఉండాలని 760 ఏళ్ల కిందటే గుర్తించారన్నమాట.

పుట్టేవారికి ప్రసూతిశాల, జబ్బుపడ్డవారికి ఆరోగ్యశాల ఉన్నాయి. మరి జబ్బు నయం కాదని తేలినవారి మాటేమిటి? వారిని ఇల్లే చూసుకునేది. ఉమ్మడి కుటుంబాల్లో మంచం పక్కన ఎవరో ఒకరు ఉండేవారు. నోట్లో తులసి తీర్థం పోసేవారు. స్తోమత ఉన్నవారు కాశీకి వెళ్లి అక్కడే ఉండిపోయేవారు. నేటికీ వారణాసిలో 1958లో ఏర్పడిన ముక్తి భవన్ అనే వసతి గృహం ఉంది. ఆఖరి రోజులు గడపడానికి వచ్చేవారికే అక్కడ గది ఇస్తారు. అక్కడ భజన ఉంటుంది, గంగాజలం ఉంటుంది. కానీ అది ఆసుపత్రి కాదు.

ఐరోపాలోనూ ఇంచుమించు ఇంతే. హాస్పిస్ అనే మాటకు మూలం లాటిన్‌లో అతిథిని, ఆతిథ్యాన్ని సూచించే పదం. మొదట్లో అవి యాత్రికులు ఆగే సత్రాలు. 19వ శతాబ్దంలో ఫ్రాన్సులోని లియాన్‌లో జాన్ గార్నియె అనే వితంతువు మరణశయ్యపై ఉన్న స్త్రీల కోసం ఒక ఆశ్రమం మొదలుపెట్టింది. 1879లో ఐర్లండులోని డబ్లిన్‌లోనూ, 1905లో లండన్‌లోని హాక్నీలోనూ క్రైస్తవ సన్యాసినులు అలాంటి గృహాలు తెరిచారు. వీటన్నిటిలో దయ పుష్కలంగా ఉంది. శుభ్రమైన పక్క, వేళకు గంజి, ప్రార్థన, చేతిలో చెయ్యి, అన్నీ ఉన్నాయి. నొప్పిని శాస్త్రీయంగా తగ్గించే పద్ధతి మాత్రం లేదు. దయకు చదువు తోడు కావడానికి ఇంకో అరవై ఏళ్లు పట్టింది.

కిటికీ కోసం 500 పౌండ్లు

ఆ చదువును తోడు చేసిన మనిషి సిసిలీ సాండర్స్ అనే ఆంగ్లేయురాలు. 1918లో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నర్సుగా శిక్షణ పొందారు. నడుము నొప్పి వల్ల ఆ పని వదిలి, ఆసుపత్రిలో రోగుల కష్టసుఖాలు చూసే సామాజిక కార్యకర్తగా చేరారు. అక్కడ డేవిడ్ టాస్మా అనే పోలండ్ దేశపు యూదుడు పరిచయమయ్యాడు. వయసు 40. వార్సా నుంచి వచ్చినవాడు, లండన్‌లో నా అన్నవాళ్లు లేరు. నయం కాని క్యాన్సరు. ఇలాంటివారికి ఎలాంటి చోటు ఉండాలి అని ఇద్దరూ మాట్లాడుకునేవారు. 1948లో అతను చనిపోతూ, ఆమె కట్టబోయే ఇంటికి తాను ఒక కిటికీగా ఉంటానని చెప్పి 500 పౌండ్లు ఆమెకు వదిలిపెట్టాడు. అప్పటికి ఆ ఇంటికి స్థలమూ లేదు, ప్లానూ లేదు.

ఇటువంటి రోగులను వదిలేసేది డాక్టర్లేననీ, వారిచేత మాట వినిపించాలంటే ఆమే డాక్టరు కావాలనీ ఒక సర్జను సలహా ఇచ్చారు. ఆమె వైద్య విద్యలో చేరి 1957లో, 39వ ఏట డాక్టరయ్యారు. మరుసటి ఏడాది నుంచి హాక్నీలోని సెయింట్ జోసెఫ్ హాస్పిస్‌లో పనిచేస్తూ నొప్పి మీద పరిశోధన మొదలుపెట్టారు.

అప్పటి పద్ధతి ఏమిటంటే, నొప్పి భరించలేక రోగి అరిచినప్పుడు సూది ఇవ్వడం. దాని ప్రభావం తగ్గగానే మళ్లీ అరుపు, మళ్లీ సూది. రోగి రోజంతా తర్వాతి సూది కోసమే ఎదురుచూసేవాడు. సాండర్స్ దీన్ని తిరగేశారు. నొప్పి వచ్చాక కాదు, రాకముందే, గడియారం చూసి వేళకు నోటి ద్వారా మార్ఫిన్ ఇచ్చారు. ఎవరికి ఎంత మోతాదు ఇచ్చారు, ఎలా ఉన్నారు అన్నది వందల మంది రోగుల విషయంలో రాసిపెట్టారు. ఆ రికార్డుల్లో తేలిందేమిటి? ఇలా వేళకు ఇస్తే రోగులు మత్తులో పడి ఉండలేదు. మందుకు బానిసలు కాలేదు. లేచి కూర్చున్నారు, పత్రిక చదివారు, మనవళ్లతో మాట్లాడారు. రికార్డు సరిగ్గా రాస్తే ఏం సాధించవచ్చో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఆమె చెప్పిన రెండో సంగతి "సంపూర్ణ వేదన". రోగి బాధలో శరీరపు నొప్పి ఒక పాలే. భయం, దిగులు ఒక పాలు. పిల్ల పెళ్లి, అప్పు, ఇంటి తగాదా వంటి లౌకిక చింతలు ఒక పాలు. నాకే ఎందుకిలా అన్న ప్రశ్న మరో పాలు. అన్నీ కలిపి చూడకపోతే మందు కూడా పూర్తిగా పనిచేయదు. అందుకే ఈ వైద్యంలో డాక్టరు, నర్సు, సామాజిక కార్యకర్త, స్వచ్ఛంద సేవకుడు కలిసి పనిచేస్తారు.

1967లో లండన్ దక్షిణాన సిడెన్‌హామ్‌లో ఆమె సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచారు. డేవిడ్ టాస్మా కిటికీ ఆ భవనంలో ఉంది. చికిత్స, బోధన, పరిశోధన ఒకే కప్పు కింద నడిచిన మొదటి హాస్పిస్ అది. 1969 నుంచి రోగుల ఇళ్లకు వెళ్లి చూసే పద్ధతి కూడా మొదలైంది. 2005లో సాండర్స్ గారు క్యాన్సరుతో కన్నుమూసింది కూడా తాను కట్టిన ఆ హాస్పిస్‌లోనే.

పేరు, నిచ్చెన, గుర్తింపు

ఆమె దగ్గర చూసి నేర్చుకున్నవారిలో కెనడాకు చెందిన సర్జను బాల్ఫర్ మౌంట్ ఒకరు. 1975 జనవరిలో మాంట్రియల్‌లోని రాయల్ విక్టోరియా ఆసుపత్రిలో ఇలాంటి వార్డు తెరిచారు. ఆ ఊళ్లో ఫ్రెంచి మాట్లాడేవారు ఎక్కువ. వారి భాషలో హాస్పిస్ అంటే దిక్కులేనివారి శరణాలయమనే అర్థం స్థిరపడిపోయింది. అందుకని ఆయన "పాలియేటివ్ కేర్" అనే పేరు పెట్టారు. దాని మూలం "పాలియం", అంటే లాటిన్‌లో పైన కప్పుకునే వస్త్రం. చలికి వణికేవాడికి దుప్పటి కప్పడం లాంటిది ఈ వైద్యం. చలికాలం పోదు, వణుకు పోతుంది.

1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సరు నొప్పికి మూడు మెట్ల నిచ్చెన ప్రకటించింది. కొద్దిపాటి నొప్పికి పారాసిటమాల్, ఆస్పిరిన్ వంటివి మొదటి మెట్టు. అంతకు మించితే కోడీన్ వంటివి రెండో మెట్టు. తీవ్రమైన నొప్పికి మార్ఫిన్ మూడో మెట్టు. నోటి ద్వారా, గడియారం ప్రకారం, మెట్టు ప్రకారం ఇవ్వాలి. ఇందులో ఖరీదైన యంత్రం లేదు. పల్లెటూరి ఆరోగ్య కేంద్రంలో కూడా చేయదగిన పని.

1987లో బ్రిటన్ పాలియేటివ్ మెడిసిన్‌ను ప్రత్యేక వైద్యశాఖగా గుర్తించింది. అమెరికాలో వృద్ధుల ఆరోగ్య బీమా అయిన మెడికేర్ 1982లోనే హాస్పిస్ ఖర్చును భరించడానికి ఒప్పుకున్నా, వైద్యశాఖగా గుర్తింపు మాత్రం 2006లో వచ్చింది. మనం సర్వీసులో చూసినదే ఇక్కడా వర్తిస్తుంది. ఎంత మంచి పనైనా, దానికి అర్హత, పరీక్ష, శాంక్షన్ అయిన పోస్టు ఉంటేనే అది నిలుస్తుంది. లేకపోతే మొదలుపెట్టిన మనిషి బదిలీ కాగానే మూతపడుతుంది.

మన దేశంలో తొలి అడుగులు

1986లోనే బొంబాయిలోని బాంద్రాలో సర్జను డాక్టర్ ఎల్.జె. డిసౌజా గారి చొరవతో శాంతి అవేదన సదన్ ప్రారంభమైంది. దేశంలో తొలి హాస్పిస్ అదే. 1990 ప్రాంతంలో గిల్లీ బర్న్ అనే ఆంగ్ల నర్సు మన దేశమంతా తిరిగి డాక్టర్లకు, నర్సులకు ఈ విద్య పరిచయం చేశారు.

అసలు మలుపు 1993లో కేరళలోని కాలికట్‌లో వచ్చింది. అక్కడి ప్రభుత్వ వైద్య కళాశాలలో మత్తు డాక్టరుగా పనిచేస్తున్న ఎం.ఆర్. రాజగోపాల్ గారు, డాక్టర్ సురేష్ కుమార్ గారు, మరికొందరు మిత్రులు కలిసి పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ స్థాపించారు. కొన్నేళ్లకే వారికి ఒక విషయం అర్థమైంది. మంచం పట్టిన మనిషి ఆసుపత్రికి రాలేడు, ఆసుపత్రే ఆ మనిషి దగ్గరికి వెళ్లాలి. ఊరి బడిపంతులు, కొట్టు యజమాని, కాలేజీ విద్యార్థి, ఇంట్లో ఉండే గృహిణి, వీరందరికీ కొద్దిపాటి శిక్షణ ఇచ్చి స్వచ్ఛంద సేవకులుగా తీర్చిదిద్దారు. నెలనెలా చిన్న చిన్న చందాలతో నర్సు జీతం, జీపు ఖర్చు నడిచాయి. రోగికి బియ్యం లేకపోతే బియ్యం, పిల్లలకు పుస్తకాలు లేకపోతే పుస్తకాలు కూడా ఆ సేవలో భాగమయ్యాయి. 2008లో కేరళ ప్రభుత్వం దేశంలోనే మొదటిసారిగా ఉపశమన సేవలకు ఒక విధానం ప్రకటించి, పంచాయతీలకు బాధ్యత అప్పగించింది. రాజగోపాల్ గారు 2003లో తిరువనంతపురంలో పాలియం ఇండియా స్థాపించారు. 2018లో పద్మశ్రీ అందుకున్నారు.

మందు ఉంది, అనుమతి లేదు

ఇక గుమాస్తా కంటితో చూడవలసిన భాగానికి వస్తున్నాను.

మార్ఫిన్ నల్లమందు నుంచి తీస్తారు. ప్రభుత్వ లైసెన్సుతో నల్లమందు పండించే కొద్ది దేశాల్లో మనది ముఖ్యమైనది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులు పండిస్తారు. ఘాజీపూర్, నీమచ్‌లలో ప్రభుత్వ కర్మాగారాలున్నాయి. మన నల్లమందు ఇతర దేశాలకు ఎగుమతి అయ్యి అక్కడి రోగులకు మందయ్యేది. మన రోగికి మాత్రం దొరికేది కాదు.

కారణం 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం. ఈ పేరు వినగానే మన జిల్లావారికి ఏజెన్సీ గంజాయి కేసులు గుర్తొస్తాయి. దొంగ రవాణా అరికట్టడం ఆ చట్టం ఉద్దేశం. వైద్య అవసరానికి మత్తుమందులు వాడవచ్చని కూడా అందులో ఉంది. కానీ అమలు నిబంధనలు రాష్ట్రాలకు వదిలేశారు. ఒక్కో రాష్ట్రం ఒక్కో రకంగా రాసింది. ఆసుపత్రి మార్ఫిన్ తెప్పించుకోవాలంటే నిల్వ ఉంచుకోవడానికి ఒక లైసెన్సు, తమ రాష్ట్రంలోకి తేవడానికి ఒక పర్మిట్, తయారీదారు ఉన్న రాష్ట్రం నుంచి బయటికి పంపడానికి మరో పర్మిట్, దారిలో రవాణాకు ఇంకొకటి కావలసి వచ్చేది. ఎక్సైజ్ ఒక శాఖ, ఔషధ నియంత్రణ ఒక శాఖ, ఆరోగ్యం ఒక శాఖ. ఈ కాగితాలన్నీ ఒకే సమయంలో చెల్లుబాటులో ఉండాలి. ఆఖరి పర్మిట్ చేతికొచ్చేసరికి మొదటి దాని గడువు తీరిపోయేది. టపాలో కాగితం ఎలా ప్రయాణిస్తుందో తెలిసిన మనకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

దానికి తోడు, చట్టంలోని చాలా నేరాలకు అప్పట్లో కనీస శిక్ష పదేళ్ల కఠిన కారాగారంగా ఉండేది. స్టాక్ రిజిస్టరులో ఒక అంకె తేడా వచ్చినా ఏం జరుగుతుందోనని మందుల షాపులవారు, ఆసుపత్రులవారు మార్ఫిన్ ఉంచడమే మానేశారు. 1985 నుంచి 1997 వరకు దేశంలో వైద్యానికి వాడిన మార్ఫిన్ 97 శాతం పడిపోయింది. ఆ కాలంలో చదువుకున్న డాక్టర్లలో చాలామంది మార్ఫిన్ మాత్రను కంటితో చూడకుండానే డాక్టర్లయ్యారు. తెలియనిదాన్ని రాయడానికి భయపడ్డారు. రాసేవారు లేరు కనుక తెప్పించేవారు లేరు. తెప్పించేవారు లేరు కనుక తయారుచేసేవారూ తగ్గారు.

ఆ పన్నెండేళ్లలో పోయినవారిలో మా వీధివారు ఒకరున్నారు. రేవులో పనిచేసి రిటైరైన పెద్దాయన. గొంతు క్యాన్సరు. ఒక ఆసుపత్రిలో ఇంక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్లమన్నారు. ఆయన ఇంటికొచ్చాక ఏడు వారాలు బతికారు. రాత్రి రెండు గంటలకు ఆ మూలుగు నాలుగిళ్ల అవతలకి వినబడేది. ఆయన భార్య గుడ్డ తడిపి నుదుటి మీద వేసేది. కొడుకులు పట్నంలో అన్ని మందుల షాపులూ తిరిగారు. డబ్బు లేక కాదు, ఆ మాత్ర ఏ షాపులోనూ లేక. అంతా కర్మ అనుకున్నారు. ఇప్పుడు ఈ చరిత్ర చదివితే తెలుస్తుంది, అందులో కర్మ ఎంతో, పర్మిట్ ఎంతో.

ఈ ముడి విప్పడానికి దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది. 1998లో కేంద్ర రెవెన్యూ శాఖ నిబంధనలు సరళం చేయమని రాష్ట్రాలకు లేఖ రాసింది. కేరళ మరుసటి ఏడాదే మార్చింది. చాలా రాష్ట్రాల్లో ఆ లేఖ ఫైలులోనే పడుకుంది. 2007లో భారతీయ పాలియేటివ్ కేర్ సంఘం సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేసింది. 2009లో హ్యూమన్ రైట్స్ వాచ్ మన రాష్ట్రంతో సహా కొన్ని రాష్ట్రాలు తిరిగి, దేశంలో నొప్పి నివారణ ఎంత అధ్వాన్నంగా ఉందో నివేదిక ఇచ్చింది. చివరికి 2014 ఫిబ్రవరిలో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. అది రాష్ట్ర విభజన బిల్లు పార్లమెంటులో నడిచిన నెలే. టీవీల ముందు కూర్చున్న మనలో ఎవరం ఈ సవరణను గమనించి ఉంటాం?

సవరణతో మార్ఫిన్ "అత్యవసర మత్తు ఔషధాల" జాబితాలో చేరింది. 2015లో నిబంధనలు వచ్చాయి. దేశమంతటికీ ఒకే పద్ధతి. పలు శాఖల బదులు రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారి ఒక్కరే ఆసుపత్రికి గుర్తింపు ఇస్తారు. శిక్షణ పొందిన డాక్టరు, సరిగ్గా రాసిన రిజిస్టరు ఉంటే చాలు.

డిగ్రీ వచ్చింది, పోస్టులు రావాలి

చట్టం నలుగుతున్న కాలంలోనే చదువు కూడా ముందుకు నడిచింది. 2010లో మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పాలియేటివ్ మెడిసిన్‌ను ప్రత్యేక శాఖగా గుర్తించింది. 2012లో ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలో తొలి ఎం.డి. కోర్సు మొదలైంది. అంటే గుండెకు, కంటికి స్పెషలిస్టు ఉన్నట్లే, తగ్గని జబ్బులో బాధ తీర్చడానికీ స్పెషలిస్టు ఉన్నాడన్నమాట. 2017 జాతీయ ఆరోగ్య విధానంలోనూ ఉపశమన సేవలకు చోటు దొరికింది.

తెలుగువారి ప్రాంతంలో మొదటి గట్టి పునాది హైదరాబాదులో పడింది. గుజరాత్ తొలి గవర్నరుగా పనిచేసిన మెహదీ నవాజ్ జంగ్ పేరిట రెడ్‌హిల్స్‌లో ఉన్న ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి ఉమ్మడి రాష్ట్రానికంతటికీ పెద్ద దిక్కు. శ్రీకాకుళం నుంచి అనంతపురం దాకా పేద రోగులు అక్కడికే వెళ్లేవారు. చాలామంది జబ్బు ముదిరాకే చేరేవారు. 2006 ప్రాంతంలో కేరళలో పనిచేసి వచ్చిన డాక్టర్ గాయత్రి పాలత్ గారు అక్కడ ఉపశమన విభాగాన్ని నిలబెట్టారు. పెద్దలకే కాక చిన్నపిల్లలకు కూడా ఈ సేవ అక్కడ అందింది. ఎందరో డాక్టర్లు, నర్సులు అక్కడ శిక్షణ పొందారు. 2011లో బంజారాహిల్స్ రోటరీ వారు స్పర్శ్ హాస్పిస్ ప్రారంభించారు. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ ప్రభుత్వం జిల్లా ఆసుపత్రుల్లో ఉపశమన వార్డులు, ఇంటింటికీ వెళ్లే "ఆలన" వాహనాలు ఏర్పాటు చేసింది. ఆ పేరు పెట్టినవారిని మెచ్చుకోవాలి. ఆలనా పాలనా అన్న జంట మాట మన తల్లుల దగ్గర నేర్చుకున్నదే.

మన విశాఖలో 1923 నుంచి కింగ్ జార్జి ఆసుపత్రి ఉత్తరాంధ్ర అంతటికీ ధర్మాసుపత్రి. రేడియేషన్ చికిత్స కోసం మూడు జిల్లాలవారు అక్కడికే చేరేవారు. రాష్ట్రం విడిపోయాక టాటా మెమోరియల్ సెంటర్ తన శాఖగా హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రిని మన అగనంపూడిలో నెలకొల్పింది. గాజువాక, కూర్మన్నపాలెం దాటితే వచ్చేస్తుంది. ఎం.డి. చదువు మొదలుపెట్టిన సంస్థ మన గుమ్మం ముందుకు వచ్చిందన్నమాట. ఒకప్పుడు మార్ఫిన్ మాత్ర కోసం హైదరాబాదు రైలెక్కవలసిన ఊరికి ఇది చిన్న మార్పు కాదు.

ఆ తేడా నేను దగ్గర నుంచి చూశాను. కొన్నేళ్ల కిందట మా బంధువుల్లో ఒక పెద్దావిడకు జబ్బు ముదిరాక తెలిసింది. ఈసారి డాక్టరు "ఇంటికి తీసుకెళ్లండి" అని ఊరుకోలేదు. మాత్రల వేళలు ఒక కాగితం మీద రాసిచ్చి, మలబద్ధకం రాకుండా వేరే మందు కలిపి, ఫోను నంబరు ఇచ్చారు. కోడలు గోడకు క్యాలెండరు పక్కన ఆ కాగితం తగిలించి, మాత్ర వేసినప్పుడల్లా టిక్కు పెట్టేది. ఆవిడ రెండు నెలలు ఉన్నారు. పోవడానికి నాలుగు రోజుల ముందు కూడా కొత్తావకాయ రుచి చూసి ఉప్పు తక్కువైందన్నారు.

కొన్ని అపోహలు

పెద్దలు తరచుగా అడిగే ప్రశ్నలు మూడున్నాయి.

మార్ఫిన్ అలవాటైపోతుందా? నొప్పికి తగిన మోతాదులో, శిక్షణ ఉన్న డాక్టరు చూస్తుండగా వాడితే ఆ భయం చాలా తక్కువ. సొంతంగా మాత్రం ముట్టుకోకూడదు.

ఈ వైద్యం మొదలుపెడితే ఇక ఆశ వదులుకున్నట్లేనా? కాదు. అసలు చికిత్స జరుగుతుండగానే దీన్నీ మొదలుపెట్టవచ్చు. క్యాన్సరుకే కాదు, గుండె నీరసించినవారికి, కిడ్నీలు చెడినవారికి, పక్షవాతంతో మంచాన పడ్డవారికి, మతిమరుపు జబ్బుకు కూడా ఇది పనికొస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా 5 కోట్ల 68 లక్షల మందికి ఈ సేవ అవసరం, అందుతున్నది అందులో దాదాపు 14 శాతం మందికే.

ఇది కారుణ్య మరణమా? ఎంతమాత్రం కాదు. మరణాన్ని తొందరపెట్టకపోవడం, లాగి లాగి వాయిదా వేయకపోవడం, ఈ రెండూ ఈ వృత్తి నియమాలు. ఆఖరి దశలో తనకు వెంటిలేటరు వంటివి వద్దని ముందే రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది. మొదట్లో పెట్టిన పద్ధతి కఠినంగా ఉందని 2023లో సులభం చేసింది. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి నోటరీ చేతగానీ, గెజిటెడ్ అధికారి చేతగానీ ధ్రువీకరింపజేస్తే చాలు. బతికే ఉన్నామని ఏటా ధ్రువపత్రం ఇచ్చే మనకు, ఎలా వెళ్లాలనుకుంటున్నామో ఒక్కసారి రాసివ్వడం కష్టమేమీ కాదు.

సంఘానికి నా విన్నపం

మందు ఉంది. చట్టం దారి ఇచ్చింది. డిగ్రీ వచ్చింది. ఇంకా కొరతగా ఉన్నవి రెండు: ఇంటిదాకా వచ్చే నర్సు, అడిగే నోరు. ప్రభుత్వ ఆరోగ్య పథకాలు మొదటి నుంచీ ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు ప్యాకేజీలు కట్టినవి. మంచాన ఉన్న పెన్షనరు ఇంటికి నర్సు వచ్చి పుండు కడిగితే, అదీ చికిత్సేనని పథకంలో రాయించుకోవాలి. పోరాడి ఎన్నో జీవోలు సాధించుకున్న సంఘానికి ఇదీ అలాంటి పనే.

రెండోది మన చేతిలోనే ఉంది. కేరళలో ఈ ఉద్యమాన్ని మోసిన స్వచ్ఛంద సేవకులు మనలాంటివారే. మనకు ఖాళీ ఉంది, ఫారాలు నింపడం వచ్చు, ఏ కౌంటరు దగ్గర ఎవరిని ఎలా అడగాలో తెలుసు. మల్కాపురం, శ్రీహరిపురం, గాజువాక ప్రాంతాల సభ్యుల్లో మంచాన పడ్డవారి జాబితా ఒకటి తయారుచేసి, వారానికి ఒకరైనా వెళ్లి పలకరించి, నొప్పి ఉందా అని అడిగి, ఉంటే ఉపశమన విభాగానికి చేర్చే ఏర్పాటు చేద్దాం. జాబితా రాసే పని నేను చేస్తాను.

వచ్చే సర్వసభ్య సమావేశం అజెండాలో ఈ రెండు అంశాలనూ చేర్చవలసిందిగా కార్యదర్శి గారిని కోరుతున్నాను.

— ఒక విశ్రాంత సీనియర్ అసిస్టెంట్, మల్కాపురం, విశాఖపట్నం